నాచు మాత్రల నెల

ఫిబ్రవరి 3, సోమవారం

కళ్ళజోళ్ళ షాపులో నా టేబుల్ మీద ఎవరో పిప్పర్‌మెంట్ల ప్యాకెట్ పెట్టారు. కొత్తది, సీల్ కూడా విప్పలేదు. కౌంటర్ అమ్మాయిని అడిగితే తనకు తెలియదంది. తెలియదని చెప్పడానికి అంతసేపు నా చెవిపోగుల వైపు చూడక్కర్లేదు.

ఫిబ్రవరి 5

ఇవాళ ఒక టీచరమ్మ వచ్చింది. కుడికంట్లోకి టార్చ్ వేసి చూస్తున్నాను. కళ్ళు పరీక్షించే పనిలో ముఖానికీ ముఖానికీ మధ్య నాలుగు వేళ్ళ దూరం కూడా ఉండదు. ఆవిడ ఊపిరి బిగబట్టింది. సరే, వెలుతురు మీదికొస్తే చాలామంది బిగబడతారు. కానీ ఎడమకంటికి మారేసరికి చేతిరుమాలు తీసి ముక్కుకి అడ్డం పెట్టుకుంది. జలుబట. జలుబైతే తుమ్మాలి కదా? ఉన్నంతసేపూ ఒక్క తుమ్ము లేదు.

ఫిబ్రవరి 7, సాయంత్రం 7

యజమాని పిలిచి తలుపు వేయమన్నారు. మంచి మనిషి, అందుకే చెప్పలేక నానా అవస్థ పడ్డారు. వేరే ఎవరైనా పరీక్ష చేస్తారా అని ఈ మధ్య ముగ్గురు అడిగారట. ఎందుకని నేనంటే, కారణం చెప్పలేదట. ఆ వెంటనే నీళ్ళు సరిగా తాగుతున్నారా, కడుపు బాగుంటోందా అని అడిగారు. నాకు ఒళ్ళంతా వేడెక్కింది.

నెలాఖరు దాకా చూద్దామన్నారు. అప్పటికీ ఇలాగే ఉంటే వెనకగదిలో అద్దాలు అరగదీసే పనికి మారమన్నారు. నాకూ విశ్రాంతిగా ఉంటుందట. విశ్రాంతి ఎవరడిగారు? పంతొమ్మిదేళ్ళుగా కళ్ళు పరీక్షించే ఆ చీకటిగది నాది. ఎక్కడ ఏ స్విచ్ ఉందో కళ్ళు మూసుకుని చెబుతాను. నన్ను తీసుకెళ్ళి మిషను ముందు పడేస్తే నేను బతకలేను.

ఫిబ్రవరి 8

మణికట్టు నాకి వాసన చూసుకున్నాను. దోసిట్లోకి ఊది చూసుకున్నాను. విప్పిన బట్టలు ఒక్కొక్కటే తీసి చంకల దగ్గర చూశాను. ఏమీ తెలియడం లేదు. ఎవరి వాసన వాళ్ళ ముక్కుకు ఆనదు కదా.

మా ఆయన్ని అడిగాను. ఛ, నీకేంటి, ఏమీ లేదు అన్నారు. అడగడం పూర్తికాకముందే అన్నారు.

మాస్కు పెట్టుకుని చేద్దామా అంటే ఊపిరంతా పైకి తన్ని టార్చ్ అద్దానికి ఆవిరి పడుతుంది. ఇవాళ ప్రయత్నించాను. కన్ను కాదు కదా, కనుబొమ కూడా కనబడలేదు.

ఫిబ్రవరి 10

ఫ్రేములు అమ్మే ఏజెంటు వచ్చాడు. షాపులో అందరం అతన్ని సూట్‌కేస్ అంటాం. ఈ మధ్య పక్క వ్యాపారం పెట్టాడు. నాచు మాత్రలు. స్పైరులినా, క్లోరెల్లా, ఇంకేదో. నోటి దుర్వాసన, చెమట కంపు, అజీర్తి, మూడింటికీ ఒకటే మందట. సెంటు పైపై పూతట, ఇది లోపలి నుంచి కడుక్కుంటూ వస్తుందట. పూర్తిగా నేచురల్ అని ఎన్నిసార్లన్నాడో లెక్కలేదు.

కౌంటర్ అమ్మాయినీ యజమానినీ దాటుకుని నేరుగా నా గదికొచ్చి డబ్బా నా చేతిలో పెట్టాడు. అంటే వీడి దాకా వెళ్ళిందన్నమాట నా సంగతి. సిగ్గుతో చచ్చిపోయాను. రెండు డబ్బాలు కొన్నాను.

ఫిబ్రవరి 11

ఆరు మాత్రలు, పరగడుపున. చెరువు గట్టు నాకినట్టుంది.

ఫిబ్రవరి 13

పొద్దున బాత్రూంలో గుండె ఆగినంత పనైంది. పచ్చగా ఉంది. ఆకుపచ్చ అంటే ఆకుపచ్చే. సూట్‌కేస్‌కి ఫోన్ చేస్తే అది మామూలేనట, లోపలి మలినాలు పోతున్నాయట. నాలుక కూడా అదే రంగు. మా అత్తగారు రేడియో పక్కన కూర్చుని నా నాలుక చూసి, ఏం గడ్డి తింటున్నావే అన్నారు. నా పెళ్ళైన నాటి నుంచీ ఆవిడకీ నాకూ ఉప్పూనిప్పే.

ఫిబ్రవరి 15

చీకటిగదిలో నా పొట్ట గుడగుడలాడింది. కుర్చీలో ఉన్నాయన రిటైరైన ఫైర్‌మన్. పైన ఏమైనా మోటారు తిరుగుతోందా అమ్మా అన్నాడు. అవునన్నాను.

ఫిబ్రవరి 18

రోజుకు పన్నెండుకి పెంచాను. అరుగుదల మాత్రం బాగుపడింది, ఉన్న మాట చెప్పుకోవాలి. కానీ ఇవాళ కూడా ఒకామె కుర్చీ వెనక్కి జరిపింది. నెలాఖరుకి ఇంకా పది రోజులే ఉన్నాయి. మాత్రలు పనిచేస్తున్నాయో లేదో తెలిసేదెలా? ఎవరిని అడిగినా బాగానే ఉందంటారు. కూర్చోలేను, నిలబడలేను. పళ్ళు నాలుగోసారి తోముకుని వచ్చి ఇది రాస్తున్నాను.

ఫిబ్రవరి 19

ఇంత కాలం నాకెందుకు తట్టలేదో.

అద్దాలు మార్చి మార్చి పెడుతూ ఇది బాగుందా, ముందుది బాగుందా అని రోజంతా అడుగుతాను. చాలామందికి అది పరీక్ష. తప్పు చెబితే నేను తిడతానని, లేదా నన్ను మెప్పించాలని, ఏదో ఒకటి చెప్పేస్తారు. అలాంటివాళ్ళకు నేనో పని చేస్తాను. పెట్టిన అద్దమే తీసి, మళ్ళీ అదే పెడతాను. ఇప్పుడు చాలా బాగుందండీ అంటే, మనిషి నా మొహం చూసి చెబుతున్నట్టు. రెండూ ఒకేలా ఉన్నాయంటే ఆ మనిషి మాట నమ్మి కళ్ళజోడు రాయొచ్చు.

రేపూ ఎల్లుండీ అన్నీ ఒకేలా చేస్తాను. అవే పన్నెండు మాత్రలు, అదే పేస్టు, అదే టీ. రేపు మాత్రలు మానేశానని చెబుతాను. ఎల్లుండి వేసుకున్నానని చెబుతాను.

ఫిబ్రవరి 21, సాయంత్రం 6

నిన్న ఊదాను, ఇవాళ ఊదాను. మా ఆయన, ఇవాళ బ్రహ్మాండంగా ఉంది, నిన్న కొంచెం అదోలా ఉండేది అన్నారు. కౌంటర్ అమ్మాయి, ఇవాళ ఎంత ఫ్రెష్‌గా ఉందో అక్కా అంది. ఇద్దరూ చక్కగా నవ్వుతూ చెప్పారు. ఇద్దరి మాటా చెల్లదు.

ఆయన మీద కోపంతో చేతిలోని గ్లాసు ఠపీమని కింద పెట్టాను. అత్తగారు రేడియో కట్టేశారు. నన్నడగవేం అన్నారు. నిన్న కూడా ఇక్కడే ఉన్నానుగా, వాడి మీద ఊదితే నా దాకా వచ్చింది అన్నారు. సరే అని దగ్గరకెళ్ళి ఊదాను. ఆవిడ కళ్ళు మూసుకుని నిదానంగా పీల్చారు. రెండూ ఒకటే అన్నారు.

ఒకటే అంటే ఏమిటని అడిగాను. ఒళ్ళు కాదు, కడుపు కాదు, పన్ను అన్నారు. వాళ్ళ నాన్నకు పన్ను చచ్చినప్పుడు ఇదే కంపట. రెండేళ్ళ నుంచీ వస్తోందట. మరి ఎందుకు చెప్పలేదంటే, చెబితే అత్త సాధిస్తోందని ఊరంతా చెప్పేదానివి కదా అన్నారు.

నిజమే. చెప్పేదాన్ని.

ఫిబ్రవరి 22

డెంటిస్టు దగ్గరకెళ్ళాను. అయిదేళ్ళ కింద నరం తీసి క్యాప్ వేసిన దవడ పన్ను. క్యాప్ కింద మొత్తం కుళ్ళిపోయింది. నరం లేదు కాబట్టి నొప్పి తెలియలేదు. క్యాప్ లేపగానే, ఆవిడ రెండు మాస్కుల వెనక ఉంది కాబట్టి, ముందు నాకే వచ్చింది ఆ వాసన. జీవితంలో మొదటిసారి నా వాసన నాకు తెలిసింది.

పన్ను తీసేసింది. నాచు మాత్రల మాట చెబితే నవ్వలేదు, పాపం. పళ్ళ దాకా కడగడం వాటి వల్ల కాదంది.

ఫిబ్రవరి 23

ఆయన్ని నిలదీశాను. తెలుసా అని అడిగాను. తెలుసన్నారు. అటు తిరిగి పడుకునేది నడుము నొప్పికి కాదా అన్నాను. బాధపడతావని చెప్పలేదన్నారు.

రోజుకు పద్దెనిమిది మంది ముఖాల మీదికి వంగుతాను నేను. మీరు ప్రతి పొద్దునా బస్సు డ్యూటీకి వెళ్తూ నన్ను షాపు దగ్గర దింపి, ఈ నోటితో లోపలికి పంపారు. బయటివాళ్ళు చేతిరుమాలు అడ్డం పెట్టుకుంటే మీరు అబద్ధం అడ్డం పెట్టారు. ఇదంతా ఆయనతో అనేశాను. ఇంకా చాలా అన్నాను. ఏడుస్తూ అన్నాను, బుగ్గ వాచి ఉండడంతో సగం అర్థమై ఉండదు.

ఫిబ్రవరి 24

ఆయనతో మాటల్లేవు.

ఫిబ్రవరి 28

యజమాని తన కళ్ళు చూడమని వచ్చి కుర్చీలో కూర్చున్నారు. పోయిన నెలే చూశాను, ఏ మార్పూ లేదు. ఎందుకు కూర్చున్నారో ఇద్దరికీ తెలుసు. టార్చ్ తీసుకుని వంగాను. కుడికన్ను. ఎడమకన్ను. ఊపిరి మామూలుగా తీసి వదులుతున్నారు. తొమ్మిది లెక్కపెట్టాను.

సోమవారం అపాయింట్‌మెంట్లు ఎక్కువున్నాయి, తొందరగా రండి అన్నారు. బాత్రూంలోకెళ్ళి కుళాయి తిప్పి ఏడ్చాను.

మార్చి 2

ఆయన డ్యూటీ నుంచి వచ్చి, గుమ్మం దగ్గర బూట్లు విప్పుతూ, తలెత్తకుండా అడిగారు. తన దగ్గర ఏమైనా వాసన వస్తుందా అని.

పదమూడేళ్ళుగా ఆయన బూట్లు విప్పే వేళకు నాకు పెరట్లో పని పడుతుంది.

ఛ, మీకేంటి, ఏమీ లేదు అన్నాను. అడగడం పూర్తికాకముందే అన్నాను.