ఎర్ర రిబ్బను బ్యాడ్జీ

సోమవారం ఉదయం

చిరంజీవి చెల్లాయికి అన్నయ్య ఆశీస్సులు. మేమంతా కులాసా. మోకాళ్ళు మొరాయిస్తున్నా నోరు మాత్రం బాగానే పనిచేస్తోంది.

అసలీ ఉత్తరం రాయకుండా ఊరుకుందామనుకున్నాను. కానీ నిన్న నువ్వు వేదిక మీంచి చూసినప్పుడు ముందు వరసలో నా కుర్చీలో మా తోడల్లుడు కనిపించి ఉంటాడు. అన్నయ్యేమయ్యాడని నువ్వు అడిగేలోపు నేనే చెప్పేస్తే ఓ పని అయిపోతుంది.

గొంతు ఆపరేషనయ్యాక మొదటిసారి నలుగురిలో పాడుతున్నాను, ఎదురుగా నువ్వుండాలన్నయ్యా అని ఫోన్ చేసి మరీ చెప్పావు. వద్దామనే బయల్దేరాను. అయితే శనివారమే మీ వదిన చెల్లెలూ, ఆవిడ మొగుడైన ఈ మహానుభావుడూ పెట్టెలతో దిగారు. సాంస్కృతికోత్సవమా, మేమూ వస్తామన్నారు. కారు మాట్లాడాను.

దారి పొడుగునా మా ఊళ్ళో అయితే, మా ఊళ్ళో అయితే అని ఒకటే గోల. మా ఊళ్ళో రోడ్లిలా ఉండవు, అక్కడ దిగాక మా ఊళ్ళో పందిరి దీనికి రెండింతలుంటుంది. అంత గొప్ప ఊరొదిలి వచ్చి నా దుప్పటి కప్పుకుని ఎందుకు గుర్రుపెట్టావయ్యా అని అడగబోయి మీ వదిన మొహం చూసి ఊరుకున్నాను. మాడిపోయే ఎండలో కోటొకటి! కుండలు చేసేవాడి పక్కన ఫొటో, బట్ట నేసేవాడి పక్కన ఫొటో. వాళ్ళేం చేస్తున్నారో కంటితో చూసిన పాపాన పోలేదు. అటు నాట్యం జరుగుతుంటే ఇటు టిఫినెక్కడ దొరుకుతుందంటాడు. మరదలే నయం, చెప్పుల దుకాణం దగ్గర ఆగిపోయి మళ్ళీ కనబడలేదు.

మధ్యలో మైకు సంగతొకటి. జీవితమంతా మైకుసెట్లు అద్దెకిచ్చి బతికినవాణ్ణి, చూస్తూ ఊరుకోలేను కదా. స్పీకర్లను మైకు వైపే తిప్పి పెట్టాడో ప్రబుద్ధుడు. కూతపెట్టక ఏం చేస్తుంది? నేనైతే ముందసలు... సరే, విషయానికొస్తాను.

గేటు దగ్గర పాడేవాళ్ళ తరఫు మనిషికని ఒక్కటే బ్యాడ్జీ ఇచ్చారు, ఎర్ర రిబ్బనుది. అక్కడి అమ్మాయి కోటు చూసి పెద్దమనిషనుకుని అతనికే గుచ్చింది. ఇది మా అన్నయ్యగారిదమ్మా అని ఒక్క మాట అనాలా వద్దా? పెళ్ళికొడుకులా నడిచెళ్ళి కూర్చున్నాడు! నన్ను తాడు ఇవతలే ఆపేశారు. వెనకాల నిలబడి విన్నాను. బాగా పాడావు. అందరికంటే ముందు, అందరికంటే మోటుగా చప్పట్లు కొట్టింది అతనే.

గొంతు జాగ్రత్త. చల్లటివి ముట్టుకోకు.

నీ
అన్నయ్య

తా.క. కవరు అంటించబోతుంటే మీ వదిన లాక్కుని చదివింది. నిజం మీరు రాస్తారా, నన్ను రాయమంటారా అని నిలదీసింది. రాస్తున్నాను.

ఆ అమ్మాయి బ్యాడ్జీ గుచ్చింది నాకే. ఊడదీసి అతని కోటుకి పెట్టింది నేను. వద్దు అన్నయ్యగారూ, ఆవిడ మీకోసం చూస్తుంది అని అతను అంటూనే ఉన్నాడు. అంతమాత్రాన మంచివాడనుకోకు, నా దుప్పటి ఇంకా అతని దగ్గరే ఉంది.

తాడు దగ్గర నన్నెవరూ ఆపలేదు. జీరబోయే ముందు గొంతు ఎలా వణుకుతుందో మైకు పక్కన కూర్చుని ఎంతమందివో విన్నాను. నీది కూడా అలా అయితే ఎదురుగా కూర్చుని చూడలేననిపించింది. వెళ్ళి కార్లో కూర్చున్నాను.

నీ పాట మొదలైంది. గోలగా ఉందేమోనని డ్రైవరు అద్దం ఎక్కించబోయాడు. వద్దన్నాను.