ఇస్త్రీ గదిలో తయారైన వాక్యాలు

మహారాజశ్రీ మావయ్య గారికి,

మేనల్లుడు సాష్టాంగపడి రాసుకునే క్షమాపణ. ముందుగా, పుట్టినందుకు క్షమించండి. పుట్టినవాణ్ణి ఊరుకోకుండా ఇంగ్లీషు ఎమ్మే చదివినందుకు, చదివాక వేరే ఉద్యోగం వెతుక్కునే ఓపిక లేక మీ స్పోకెన్ ఇంగ్లీష్ సెంటర్‌లో జొరబడినందుకు, నిన్న మీరు విసిరిన డస్టరుకి అందకుండా పక్కకి తప్పుకున్నందుకు కూడా క్షమించండి. ఇన్ని నేరాలు ఒప్పుకున్నాను కాబట్టి హోటల్ మేనేజరు అడుగుతున్న ఆ ఒక్క క్షమాపణ మాత్రం రాసివ్వను. మీరు నాతో మాట్లాడటం మానేశారు గనక ఈ సంగతి ఉత్తరంగా మీ గది తలుపు కిందనుంచి తోస్తున్నాను.

ఆయన కోరింది ఏమిటి? "లాండ్రీలో పనిచేసే ఆడవాళ్ళకి తాము పలికినదాని అర్థం తెలియదు, అంతా నేనే నూరిపోశాను" అని రాసి కింద సంతకం పెట్టాలి. పెడితే వాళ్ళ ఉద్యోగాలు ఉంటాయి, ఆ హోటల్లో పాఠాలు చెప్పే మీ కాంట్రాక్టు ఉంటుంది. వాళ్ళు అడిగిన తలుపు గడియ మాత్రం ఉండదు. అర్థం తెలియనివాళ్ళు అడిగిన గడియ ఎవరు పెడతారు చెప్పండి?

మీ పుస్తకంలో ఏడో పాఠం ఉంది కదా. కెన్, మే, మస్ట్, షుడ్. 'మే ఐ కమిన్, సార్?', 'యూ మస్ట్ ఒబే ది సూపర్‌వైజర్', 'వీ షుడ్ నాట్ ఆర్గ్యూ'. ఎనిమిది నెలలపాటు ఆ హోటల్ లాండ్రీలో పన్నెండు మంది చేత వీటిని ఎక్కాల్లా వల్లె వేయించాను. నాకేం అనుమానం రాలేదు. వచ్చింది ఇస్త్రీ అక్కకి. ఇస్త్రీ బల్ల దగ్గర ఇరవై ఏళ్ళుగా నిలబడ్డ మనిషి, మా అమ్మ ఈడు.

"సారూ, ఈ పుస్తకంలో 'ఐ' అంటున్నవాడు ఎవరు?" అంది.

"ఎవరైనా కావచ్చు. నేను, మీరు."

"మరి వాడికి బతుకంతా లోపలికి రావచ్చా, బయటికి పోవచ్చా అని అడుక్కోవడమేనా? వేరే పనే లేదా పాపం?"

అందరూ గొల్లుమన్నారు. నేనూ నవ్వబోయాను. ఆవిడ నవ్వలేదు.

"ఆ మస్ట్ ఉంది చూడండి, అది ఎప్పుడూ పైనుంచి మా నెత్తినే పడుతుందేం? మేం పైకి విసరకూడదా?"

రెండేళ్ళ ఎమ్మేలో నన్ను ఇంత సూటిగా ఎవరూ ప్రశ్న అడగలేదు మావయ్యా. "విసరొచ్చు" అన్నాను. "రేపు మీకు రోజూ అవసరమయ్యే మాట ఒక్కొక్కటి తీసుకురండి, కలిసి ఇంగ్లీషు చేద్దాం" అన్నాను. నా కుట్ర ఇంతే. తడి దుప్పట్ల మూటలు మోసే అమ్మాయి 'ఐ కాంట్ లిఫ్ట్ దిస్ అలోన్' తెచ్చుకుంది. కొత్తగా చేరినావిడ 'కుడ్ యూ సే ఇట్ స్లోలీ?' తెచ్చుకుంది. మిగతా పదిమందీ ముందే అనుకున్నట్టు ఒకటే తెచ్చారు: 'యూ మస్ట్ నాక్.'

ఎందుకో మీరు అడగలేదు, నేను చెప్తాను. వాళ్ళు బట్టలు మార్చుకునే గదికి రెండు నెలలుగా గడియ లేదు. లోపల గడియ పెట్టుకుని కబుర్లాడుతున్నారని సూపర్‌వైజరు పీకించేశాడు. అప్పటినుంచి ఎప్పుడు బుద్ధి పుడితే అప్పుడు తలుపు తోసుకుని వస్తాడు. ఒకావిడ తలుపుకి వీపు ఆనించి నిలబడితే ఇంకొకావిడ చీర మార్చుకుంటుంది. అతనికి చెప్పుకుంటే నవ్వాడు. మేనేజరుకి చెప్పుకుంటే "చూద్దాం" అన్నాడు. రెండు నెలలుగా చూస్తూనే ఉన్నాడు.

అందుకే హోటల్ హెడ్డాఫీసు నుంచి పెద్దలు మన క్లాసు చూడటానికి వచ్చిన రోజు, మీరు కోటు వేసుకుని ముందు వరసలో కూర్చున్న రోజు, 'మే ఐ కమిన్, సార్?' అనాల్సిన ఇస్త్రీ అక్క లేచి నిలబడి, "సర్, యూ మస్ట్ నాక్. యూ షుడ్ పుట్ ది లాచ్ బ్యాక్" అంది. వెనక పదకొండు గొంతులు కలిశాయి. ఎవరూ తడబడలేదు. ఎనిమిది నెలల్లో మొదటిసారి ఉచ్చారణ దిద్దాల్సిన పని పడలేదు.

మీ పరువు పోయిందన్నారు. ఇరవై ఏళ్ళ పుస్తకం అన్నారు. బాధగానే ఉంది, ఒప్పుకుంటాను. కానీ మావయ్యా, ఆ లాండ్రీలో అర్థం తెలియకుండా పలికింది ఏడో పాఠం ఒక్కటే, అదీ నా నోటితో. ఉద్యోగంలోంచి తీసేస్తే తీసెయ్యండి. అమ్మ నాకు అన్నం పెడుతుంది. ఆవిడ పెట్టకపోతే అత్తయ్య పెడుతుంది, ఆవిడ ఇప్పటికే నా పార్టీ. సంతకం మాత్రం పెట్టను.

ఇట్లు,
వేలు విరిగినా సంతకం పెట్టని
మీ మేనల్లుడు


ప్రియమైన మావయ్యా,

వారం కిందట నా ఉత్తరం చదివి, మీరు చెప్పులేసుకుని బయల్దేరితే, నన్ను గెంటించడానికి మనుషుల కోసం వెళ్తున్నారనుకున్నాను. మీరు హోటల్‌కి వెళ్ళి, "వాళ్ళకి అర్థం తెలుసండీ, నా పుస్తకానికే తెలియలేదు" అన్నారని ఇస్త్రీ అక్క చెప్పింది. ఆ మాట మీ నోట ఎలా వచ్చిందో ఊహించుకోవడానికి నాకు ఒక పూట పట్టింది.

మేనేజరు పన్నెండు మందినీ విడివిడిగా పిలిచి "మీ సారే నేర్పాడు కదూ?" అన్నాడట. పన్నెండు మందీ "మేమే అనుకున్నాం" అన్నారట. అందర్నీ తీసేస్తే మర్నాటి దుప్పట్లు ఎవరు ఉతకాలో ఆయనకి తోచలేదు. మంగళవారం వడ్రంగి వచ్చాడు. గడియ పడింది. సూపర్‌వైజరు ఇప్పుడు తలుపు కొట్టి, రెండడుగులు వెనక్కి వేసి, నేల చూపులు చూస్తూ నిలబడుతున్నాడట.

ఇంతవరకూ బాగానే ఉంది. కానీ మీరు "మా వాడికి గుండె ధైర్యం ఎక్కువ, పన్నెండు మందిని వాడే నడిపించాడు" అని అత్తయ్యతో, పక్కింటాయనతో, చివరికి మీటరు చూసేవాడితో కూడా చెప్పుకుంటున్నారు. ఏడో పాఠం తిరగరాసి అట్ట మీద నా పేరు వేస్తారట. వేయకండి. వేస్తే వాళ్ళ పన్నెండు పేర్లూ వేయండి. కారణం చెప్తాను, ఎవరికీ చెప్పనిది.

ఆ రోజు పొద్దున్న, పెద్దలు రావడానికి గంట ముందు, ఇస్త్రీ గదికి వెళ్ళాను. ఏం చెప్పబోతున్నారో వాళ్ళు నాకు చెప్పారు. "అక్కా, మీకు దండం పెడతాను, ఇవాళ్టికి పుస్తకంలో ఉన్నవే చెప్పండి. గడియ సంగతి నేను తర్వాత మెల్లగా మాట్లాడతాను" అన్నాను.

"ఎప్పుడు మాట్లాడతారు సారూ?" అంది.

"చూద్దాం" అన్నాను. ఆవిడ ఇస్త్రీ పెట్టె ఆపి, స్టూలు లాగి, నా భుజం మీద చెయ్యి వేసింది. "యూ మే సిట్ డౌన్, సార్. వీ విల్ గో" అంది. ఆ వాక్యం నేను నేర్పింది కాదు.

వాళ్ళు వెళ్ళారు. గోడ అవతల వాళ్ళ గొంతులు వింటూ నేను కూర్చున్నాను. మావయ్యా, ఈ మొత్తం వ్యవహారంలో నేను చేసింది అదొక్కటే.

మీ మేనల్లుడు