అత్తగారి మడమ

అక్కా,

నా మడమ నొప్పి తగ్గుతోంది. బట్టల కొట్లో రోజంతా నిలబడటం వల్ల అరికాలు వాచిందట. గడ్డకట్టిన నీళ్ల సీసాను దాని కింద దొర్లించమన్నారు డాక్టరు. పొద్దున్నే నేను గోడ పట్టుకుని నడిస్తే అవి వేషాలని, అత్తగారు నాతో మాటలు మానేసిన సంగతి నీకు తెలిసిందే.

నిన్న ఫ్రీజర్ తెరిస్తే నా సీసా లేదు. ఆవిడ సోఫాలో కూర్చుని దాన్ని అరికాలి కింద దొర్లిస్తున్నారు.

“మంచం దిగితే మేకులు తొక్కినట్టుందే,” అన్నారు.

“అలాగే ఉంటుందత్తయ్యా.”

కాసేపు నా కాలి వంక చూశారు. “నీకు ఇంకోటి పెట్టాను, గడ్డకట్టాక తీసుకో. ఇది మాత్రం ఇవ్వను.”

ఏడాది తర్వాత మా మధ్య నడిచిన మాటలివే.

కాబట్టి నేను వచ్చి ఉంటానని ఖాళీ చేయించిన గదిలో బావగారి సామాన్లు మళ్లీ సర్దించు. నేను రావడం లేదు.

నీ చెల్లెలు