నీ ప్రోగ్రామ్ చూపిన లోతు

వాణీ,

నువ్వు పోయి ఈరోజుకి ఏడాది. నీకు చెప్పాల్సిన కబురు కూడా ఈరోజే వచ్చింది. మండపేట దగ్గర మన కంపెనీ తవ్వుతున్న బావిలో గ్యాస్ పొర తగిలింది.

భూమిలోకి పంపితే తిరిగొచ్చే తరంగాల సమయాన్ని లోతుగా మార్చే నీ ప్రోగ్రామ్‌ని ఈ బావికే మొదటిసారి వాడాను. అది ఒక్క లోతు చెప్పి ఊరుకోదు కదా, పొర ఎంత పైన తగలొచ్చో, ఎంత కింద తగలొచ్చో కూడా చూపిస్తుంది. డ్రిల్లింగ్ చూసే మూర్తిగారు విసుక్కున్నారు.

"ఏంటండీ ఇది? ఒక్క లోతు చెప్పండి, చాలు."

"పొర అనుకున్నదానికన్నా పైనే తగిలే అవకాశం ఉందండి. గ్యాస్ ఒత్తిడి ఎక్కువ, చుట్టూ ఇళ్లున్నాయి," అన్నాను.

ఆయన స్క్రీన్ వంక చాలాసేపు చూశారు. "సరే, ముందే సిద్ధంగా ఉందాం లెండి," అని బావిలోకి పంపి గ్యాస్‌ని అదిమిపెట్టే బరువైన బురద, ఆ మడ్‌ని ముందుగానే కలిపించారు.

పొర నిజంగానే పైన తగిలింది. గ్యాస్ తన్నుకొచ్చింది గానీ అదుపు తప్పలేదు. ఊళ్లో ఎవరూ ఇల్లు వదిలి పరిగెత్తాల్సిన అవసరం రాలేదు.

పొద్దున మూర్తిగారు ఫోన్ చేశారు. "ఆ ప్రోగ్రామ్ రాసినావిడతో ఒకసారి మాట్లాడాలండి."

నువ్వు లేవని చెప్పాను. ఆయన, "మిగతా బావులకీ అదే వాడదామండి," అన్నారు.

నీ సీట్లో ఇప్పుడు లలిత అని కొత్తమ్మాయి కూర్చుంటోంది. సాయంత్రం వచ్చి, "మేడమ్, ఈ ప్రోగ్రామ్‌ని ఇంకా బాగా చేయొచ్చండి," అంది. నువ్వుంటే అప్పటికప్పుడే కుర్చీ లాక్కుని ఆ పిల్ల పక్కన కూర్చునేదానివి. నేను కూర్చున్నాను.

నీ పద్మ