డాట్ మ్యూజిక్‌కి బ్యాండువాళ్ల సంతకం

రెజిమెంటల్ బజార్, సికింద్రాబాద్
12 ఆగస్టు 2000

ప్రియమైన తాతబ్బాయికి,

విశాఖలో మంచి బ్యాండు కుదిరిందని విన్నాను, సంతోషం. ఊరేగింపులో క్లారినెట్ ముందా, ట్రంపెట్ ముందా అని ఇరవై ఏళ్లు కొట్టుకున్నాం. ఇప్పుడు పోటీ లేకుండా నా ట్రంపెటే ముందు నడుస్తోంది, కానీ ఏం రుచిగా లేదు.

అసలు సంగతి వేరే ఉంది. బేగంపేట నుంచి టై కట్టుకున్న కంపెనీ మనిషొకడు మన సంఘం గదికి వచ్చాడు. ఇంటర్నెట్ అడ్రసుల చివర డాట్ కామ్ ఉంటుంది చూడు, అలాగే సంగీతం వాళ్లకి డాట్ మ్యూజిక్ అని కొత్త తోక రాబోతోందట. దాన్ని నడిపే హక్కు తమకే ఇమ్మని వాళ్లు అమెరికాకి దరఖాస్తు పెడుతున్నారు. సంగీతం వాళ్లు ఒప్పుకున్నారా అని అక్కడ అడుగుతారట. అందుకని మన బ్యాండు సంఘం లెటర్‌హెడ్ మీద, అధ్యక్షుడిగా నా సంతకంతో మద్దతు ఉత్తరం కావాలన్నాడు.

డ్రమ్ము కామరాజు అక్కడే ఉన్నాడు. "ఏందన్నా, రేపు మన పేరు మనం పెట్టుకోవాలన్నా వీళ్లనే అడగాల్నా?" అన్నాడు. నాకూ అదే అనుమానం వచ్చి, టీ తాగించి పంపేశాను. నా పేరు, మన సభ్యులు ముప్పై ఆరుగురన్న లెక్క అతనికి ముందే తెలుసు. ఎవరు చెప్పి ఉంటారంటావు?

నీ ప్రభుదాస్


విశాఖపట్నం
20 ఆగస్టు

ప్రియమైన ప్రభుదాసూ,

నీకు అన్నీ అనుమానాలేరా. పెళ్లివారు బిర్యానీ పెడితే ఏం కలిపారో అని వాసన చూసే మనిషివి. మనం ఎందరమో సికింద్రాబాద్‌లో ఎవరికి తెలియదు? కచేరీలు చేసే పెద్ద సంఘాలు ఇస్తుంటే మనం ఇస్తే ఏం పోయింది?

ఇక్కడ ఒకటే ఉక్కపోత. అతను మళ్లీ వచ్చాడా? వస్తే ఏమన్నాడో వెంటనే రాయి.

ఎప్పటికీ నీ తాతబ్బాయి


సికింద్రాబాద్
2 సెప్టెంబరు

ప్రియమైన తాతబ్బాయికి,

వచ్చాడు, స్వీటు డబ్బాతో వచ్చాడు! మీ మద్దతు ఉత్తరం అందింది, థాంక్స్ అంటూ కాపీ చూపించాడు. లెటర్‌హెడ్ మనదే, సంతకం నాదే. క్లారినెట్, ట్రంపెట్, శాక్సఫోన్, డ్రమ్ము వాయించే మేమంతా ఈ కంపెనీకి మద్దతిస్తున్నామని టైపు చేసి ఉంది. నేను ఒక్క ముక్క రాయలేదు.

నా పాడలవాటు నీకు తెలిసిందే. పగలంతా నాకు రైల్వే డ్యూటీ. పోలీస్ స్టేషన్లో ఊరేగింపు పర్మిషన్ల కోసమని ఖాళీ లెటర్‌హెడ్‌ల మీద ముందే సంతకాలు పెట్టి బీరువాలో ఉంచుతాను. తాళం మన టైపిస్టు ఆలిస్ దగ్గర ఉంటుంది. ఆమెను నిలదీశాను. తాళం బల్లమీద పెట్టి, ఏడుస్తూ మల్కాజ్‌గిరి బస్సెక్కింది.

"నిజం చెప్పన్నా, నీకేం ఆశ చూపిండ్రు?" అని కామరాజు అందరి ముందూ అడిగాడు. నన్ను అధ్యక్షుడిగా ఉంచాలో తీసేయాలో పదిహేడో తారీఖు ఆదివారం మీటింగులో తేలుస్తారు. నాకు నిద్ర లేదు.

ప్రభుదాస్


విశాఖపట్నం
8 సెప్టెంబరు

ప్రభుదాసూ,

ఆలిస్ జోలికి వెళ్లకు. ఆ పని చేసింది నేను.

నేను ఊరు వదిలే ముందు ఒక పెళ్లి ఊరేగింపు పర్మిషన్ కోసం నువ్వు సంతకం పెట్టిచ్చిన ఖాళీ కాగితం, ఆ పెళ్లి ఆగిపోయి, నా క్లారినెట్ పెట్టెలోనే ఉండిపోయింది. బేగంపేట హోటల్లో మన చివరి పెళ్లిలో ఆ కంపెనీ మనిషి కలిశాడు. మన వివరాలు చెప్పింది నేనే. నువ్వు ఇవ్వనన్నావని నీ ఉత్తరంలో చదివాక, ఇక్కడ టైపు చేయించి పంపేశాను.

ఎందుకంటావా? కారు డ్రైవర్లు తిన్నాక మనకి పెట్టే బంతి గుర్తుందా? ఆ బంతిలో అతను నా పక్కన నిలబడి, "మీరు సంగీతకారులేనా?" అని అడిగాడు. ముప్పై ఏళ్లలో నన్ను ఆ మాట అడిగింది అతనొక్కడే. అవునని ఒక కాగితం మీద ఉండాలనిపించింది. నీ పరువు తీస్తున్నానని తోచలేదు.

మీటింగులో ఈ ఉత్తరం చదువు, నా పేరుతో సహా. ఆలిస్‌కి నా తరఫున చేతులు జోడించు.

తలెత్తుకోలేని తాతబ్బాయి


సికింద్రాబాద్
18 సెప్టెంబరు

ప్రియమైన తాతబ్బాయికి,

ఆలిస్ ఏడవలేదు. అసలు ఆమెను నేనేమీ అడగలేదు. కాపీ చూసిన క్షణమే నువ్వని తెలిసింది. నా చేత్తో రాసిన ఏ ఉత్తరంలోనైనా ట్రంపెట్ కంటే ముందు క్లారినెట్ ఉంటుందట్రా? నీ అంతట నువ్వే చెప్పాలని ఆ అబద్ధం రాశాను. నువ్వొక దొంగ ఉత్తరం రాశావు, నేనొకటి రాశాను. మీటింగు మాత్రం నిజం.

నిన్న నీ ఉత్తరం మొత్తం చదివాను. మొదట తిట్టారు, నేనూ తిట్టాను. ముప్పై ఆరుగురి నోరు నీ ఒక్కడి జేబులో ఉందనుకున్నావని ఇప్పటికీ కోపంగానే ఉంది. కానీ ఆ బంతి సంగతి దగ్గరికి వచ్చేసరికి కామరాజే, "గా మాట మనల్ని ఎవరడిగిండ్రన్నా ఇన్నేండ్లల్ల?" అన్నాడు. ఇక ఖాళీ కాగితం మీద సంతకం పెట్టనని నాచేత ప్రమాణం చేయించి, అధ్యక్షుడిగా ఉంచారు.

పాత ఉత్తరం చెల్లదని కంపెనీకి రాశాం. దాని బదులు ఆలిస్ ఇంకొకటి టైపు చేసింది, అందరం సంతకాలు పెట్టాం. అందులో ఉన్నది ఇంతే: "మీరు అడిగారు కనుక చెబుతున్నాం. అవును, మేము సంగీతకారులమే. మీకు మద్దతివ్వాలో లేదో ఇంకా ఆలోచించుకోలేదు."

కింద వాయిద్యాల వరుసలో క్లారినెట్‌ని మొదటే ఉంచాను. దాని పక్కన సంతకం చోటు ఖాళీగా ఉంది. వచ్చి పెట్టు.

నీ ప్రభుదాస్