సగ్గుబియ్యం ముత్యాల మకరతోరణం

తిరుపతి,
3 అక్టోబరు 2025,
విజయదశమి మరునాడు.

ఆకాశానికి రాకెట్లు పంపే పనిలో మునిగి ఇంటికి ఫోను చేయడం మరిచిన మహారాజశ్రీ ముకుందం అన్నగారి దివ్యసముఖమునకు, ఎం.కాం. పట్టా పొంది ప్రస్తుతం మనింటి సోఫాకు కాపలాగా నియమితుడైన తమ్ముడు వెంకటకృష్ణ సాష్టాంగపడి, పడిన చోటే కాసేపు కునుకు తీసి, లేచి రాసుకునే విన్నపము. ఇక్కడ అందరం క్షేమం. అమ్మ మణికట్టు విరిగినా ఆమె నోరు మాత్రం సంపూర్ణ క్షేమం.

ముందుగా నిన్ను క్షమాపణ వేడుకోవాల. ఈ ఉత్తరంలో నేనొక ఘోరానికి ఒడిగట్టబోతున్నాను. ఒక మనిషిని, అదీ మన ఇంటి మనిషిని, అదీ వెటకారం లేకుండా, పొగడబోతున్నాను. పుట్టినప్పటి నుంచి కష్టపడి సంపాదించుకున్న నా చెడ్డపేరు ఈ ఒక్క ఉత్తరంతో గంగపాలు. వంశానికి తెస్తున్న ఈ మచ్చకు నన్ను మన్నించు. మన్నించకపోయినా నష్టం లేదు, కవరుకు స్టాంపు అంటించేసినాను.

పొగడబోయేది వదినను.

నువ్వు ప్రయోగం డ్యూటీ అని శ్రీహరికోటకు పోయినాక కమలిని వదిన ఈ ఇంట్లో లాడ్జిలో దిగిన యాత్రికురాలి మాదిరి ఉండేది. గ్లాసు కావాలన్నా, అత్తయ్యా తీసుకోవచ్చునా అని అడిగేది. నీకు క్వార్టర్సు వచ్చేదాకా చిత్తూరులో వాళ్ళ నాయన దగ్గర ఉంటానని నీతో అనిందంట కదా. దసరా దాకా చూడు, అప్పటికీ మనసు కుదరకపోతే పో అన్నావంట. ఆమె ఆగింది గానీ బ్యాగు సర్దేసుకునే ఆగింది. మంచం పక్కన ఆ బ్యాగు కూర్చోని నన్ను చూసేది, నేను దాన్ని చూసేవాణ్ణి. ఇద్దరికీ మాటల్లేవు.

ఇంతలో దసరా వచ్చె. అమ్మ బొమ్మల కొలువు సంగతి నీకు చెప్పేదేముంది. పెళ్ళయి వచ్చినప్పటి నుంచి ఆ మెట్ల మీద ఒక్క బొమ్మను కూడా ఇంకొకరి చేత పెట్టించని మహాతల్లి. నేను చిన్నప్పుడు పులివాహనం తోక ముట్టుకున్నందుకు ఆ తోక నాకే మొలిచేటట్టు తిట్టింది. అట్లాంటి ఆమె వాకిట్లో జారిపడి చేతికి కట్టు వేయించుకోనుండాది. వదినను పిలిచి, కమలినీ, ఈ ఏడు నీ చేత్తోనే కానీయమ్మా, ఇంకేం చేసేది అనింది. ఆ చివరి రెండు మాటలూ అనకుండా ఉండుంటే బాగుండేది. వదిన మొహం నేను చూసినాను.

బొమ్మలు ఉండాయి గానీ స్వామి బొమ్మ వెనక పెట్టే మకరతోరణం పాతది చెదలు పట్టింది. ముగ్గురం గాంధీరోడ్డుకు పోయినాం. బ్రహ్మోత్సవాలకు ముందే దిగిన జనం, ఆటోలు, పీపీలు. ఒక షాపులో దొరికింది అసలైన తోరణం. పైన మకరం మొహం, పక్కల లతలు, ఒకవైపు శంఖం, ఒకవైపు చక్రం, అంచంతా ముత్యాలు, రాళ్ళు. షాపాయన ధర చెప్పినాడు. అమ్మ విరగని చేత్తో విరిగిన చేతిని పట్టుకునింది.

వదిన మాత్రం ధర విన్నట్టే లేదు. తోరణాన్ని వేలితో తట్టింది, అంచు కింద తొంగి చూసింది, వెనక్కి తిప్పింది. బయటికొచ్చినాక మెల్లగా, అత్తయ్యా, అది లోపల అట్టే, పైన బంగారు కాగితం, మనం ఇంట్లోనే చేసుకోవచ్చు అనింది. ఇంట్లో చేసింది ఇంట్లో చేసినట్టే ఉంటుందమ్మా, పేరంటానికి ఊరంతా వస్తుంది అని అమ్మ. చేయనీండి, బాగలేకపోతే కొనుక్కుందాం అని వదిన. ఆమె ఈ ఇంట్లో పట్టుబట్టడం అదే మొదటిసారి. అమ్మ ఒప్పుకునింది, కానీ బాగలేకపోతే మొగమాటం లేకుండా చెప్తా అని షరతు పెట్టింది. అమ్మకు మొగమాటం అనే రోగం ఎప్పుడుండాది?

ఇంక ఆ తర్వాత నేను చూసిందాన్ని వర్ణించేదానికి ఎం.కాం. చాలదు అన్నా.

మీ పెళ్ళికార్డులు ఒక కట్ట మిగిలిపోయినాయి కదా. లోపలంతా బంగారు రంగు. మీ ఇద్దరి పేర్లుండే ముక్కను మాత్రం కత్తెర తగలకుండా పక్కన పెట్టి మిగతాదంతా లతలుగా, ఆకులుగా, మకరం కోరలుగా కత్తిరించింది. నీ పేరుకు ఇంత మర్యాద నేనెప్పుడూ చూడలేదు. షాపులో ప్లాస్టిక్ ముత్యాలు. మనింట్లో సగ్గుబియ్యం. జిగురు మీద ఒక్కో గింజ పరిచి, ఆరినాక పైన వార్నిష్ ముట్టీ ముట్టనట్టు తాకిస్తే, పులికాట్ సరస్సులో ముత్యాలు దొరుకుతాయేమో అన్న అనుమానం వచ్చె నాకు. కెంపులకు పగిలిన ఎర్రగాజులు. లతల్లో మొగ్గలకు గుమ్మడిగింజలు, పసుపు పూసి. అంచుకు అమ్మ చిరిగిన పట్టుచీర జరీ. అది అడిగేదానికి వదిన రెండుసార్లు అమ్మ గది దాకా పోయి వెనక్కొచ్చింది. మూడోసారి అమ్మే పిలిచి, ఏందమ్మా ఊరికే తిరగలాడతా ఉండావు అని అడిగి, చీర తీసిచ్చింది.

ఈ మహాయజ్ఞంలో నా పాత్ర? పర్యవేక్షణ. సోఫాలో నుంచి సలహాలు ఇచ్చినాను. ఆరబెట్టిన సగ్గుబియ్యం మీద ఫ్యాను వేసినాను, గింజలన్నీ హాలంతా పరిగెత్తినాయి. వదిన ఫ్యాను ఆపి, మరిదిగారూ, మీరు పర్యవేక్షణ పక్కింట్లో చేయకూడదా అనింది. మనింటికొచ్చినాక ఆమె వేసిన మొదటి జోకు అది. నా మీద పడినా నేను చప్పట్లు కొట్టినాను.

నవరాత్రుల మొదటి రోజు తోరణం కట్టినాం. దీపం వెలుగులో అది షాపుదాన్ని షాపులోనే ఉండనీ అన్నట్టు మెరిసింది. అమ్మ కుర్చీలో కూర్చోని చాలాసేపు చూసింది. బాగుండాది అనలేదు, బాగలేదు అనలేదు. దీపంలో నూనె పొయ్యి అనింది, అంతే. వదిన వంటింట్లోకి పోయి కొళాయి తిప్పి ఉత్తుత్తినే గిన్నెలు కడిగింది.

వచ్చినవాళ్ళంతా ఎక్కడ కొన్నారని అడిగేవాళ్ళే. పక్కింటి పల్లవి అయితే షాపు పేరు చెప్పమని నన్ను సతాయించింది. పెళ్ళికార్డుల షాపు అని చెప్పినాను, అలిగింది.

అట్లా రోజులు గడిచి దుర్గాష్టమి పేరంటం. హాలు నిండా ఆడవాళ్ళు. వేదవల్లి పెద్దమ్మ వచ్చింది. ఆచారంలో ఆమెది సుప్రీంకోర్టు అని నీకు తెలుసు. పాట పాడింది, తాంబూలం తీసుకునింది, కళ్ళజోడు సర్దుకోని తోరణం దగ్గరికి పోయింది. అమ్మ వైపు తిరిగి, గోదా, ఇదేందే, స్వామికి చక్రం ఎడమచేతి వైపు, శంఖం కుడిచేతి వైపు పెట్టినారు, తిరుపతిలో ఉండి ఈమాత్రం తెలియదా, ఎవురు చేసింది అని అడిగింది.

చూస్తే నిజమే. అన్ని రోజులుగా అందరం చూసినాం, ముత్యాలను చూసినాం గానీ దాన్ని చూడలేదు. హాల్లో సుండల్ గుగ్గిళ్ళు నమిలే చప్పుడు కూడా ఆగిపోయింది. వదిన కుంకుమ భరిణ కింద పెట్టింది. నేనే పెద్దమ్మా, తీసేస్తాను అని తోరణం మీదికి చేయి చాపింది. ఆ చేయి తోరణాన్ని తాకితే, సాయంత్రం చిత్తూరు బస్సే అని నాకు తెలిసిపోయింది.

ఆగు కమలినీ, అనింది అమ్మ.

కట్టు కట్టిన చేత్తోనే లేచి పెద్దమ్మ పక్కన నిలబడింది. అక్కా, నీ కుడి భుజం మీద ఏముండాది అని అడిగింది. ఆచార్యులు కాల్చి వేసిన చక్రం ముద్ర అనింది పెద్దమ్మ. ఎడమ భుజం మీద? శంఖం. అయితే ఇప్పుడు స్వామికి ఎదురుగా నిలబడి చూడు, నీ చక్రానికెదురుగా చక్రం, నీ శంఖానికెదురుగా శంఖం ఉండాయా లేదా అనింది. పెద్దమ్మ తన భుజాలు తడుముకునింది. ఉండాయి అనింది. స్వామి చేతులు చూసి అందరూ చేస్తారు, నా కోడలు ఆయనకు దండం పెట్టేవాళ్ళ భుజాలు చూసి చేసింది అనింది అమ్మ.

నా కోడలు అనింది అన్నా. నేను చెవులారా విన్నాను.

పెద్దమ్మ, నాకు తట్టలేదే గోదా అని, వదిన గడ్డం పట్టుకోని, వచ్చే ఏడు నాకూ ఒకటి చేసిపెట్టు తల్లీ అనింది. ఆడవాళ్ళంతా వరసగా పోయి భుజాలు సరిచూసుకునే పని మొదలుపెట్టినారు. వదిన అమ్మ వెనక్కి పోయి నిలబడింది. ఏడుస్తా ఉండాదో నవ్వుతా ఉండాదో నాకు కనపడలేదు, అమ్మ అడ్డముండాది.

నిన్న హారతి అయినాక, కొలువు ముగిసినట్టు బొమ్మను పడుకోబెట్టాల కదా. అమ్మ మరపాచి కొయ్యబొమ్మల జంటను వదిన చేతిలో పెట్టి, నువ్వు పడుకోబెట్టు, రేపు అన్నీ నువ్వే మూటగట్టు, ఏది యాడ పెట్టినావో నాకు చెప్పు చాలు అనింది. ఈ పొద్దున వదిన బ్యాగు ఖాళీగా అటక మీద ఉండాది. వదిన ఎవరినీ అడగకుండా గ్లాసు తీసుకోని కాఫీ తాగింది.

క్వార్టర్సు తొందరగా తెచ్చుకో. లేకపోతే అమ్మ ఆమెను పంపదు.

నీ క్షమాభిక్షకు పాత్రుడు కాని,
వెంకటకృష్ణ

తా.క.: భుజాల సంగతి అప్పటికప్పుడు ఎట్లా తట్టిందని అమ్మను ఇప్పుడే అడిగినాను. అప్పటికప్పుడు కాదురా, మొదటి రోజు కట్టినప్పుడే చూసినాను అనింది. నేనే ఎత్తి చూపించుంటే ఆ నిమిషమే ఆమె విప్పేసుండును, మళ్ళా ఈ ఇంట్లో దారం ముక్క కట్టేది కాదు, మీ పెద్దమ్మ వస్తుందని తెలుసు కాబట్టి ఏం చెప్పాలా అని రోజూ కూర్చోని ఆలోచించుకున్నా అనింది.

వదిన మాత్రం అది తన చేతి పొరపాటే అనుకుంటా ఉండాది. కాదు. ఆ రోజు షాపాయన తోరణాన్ని ఫోటో తీయొద్దన్నాడు. నేను దాని ముందు నిలబడి, పళ్ళికిలించి, సెల్ఫీ తీసుకున్నాను. ఫోను అద్దం మాదిరి కుడిని ఎడమ చేసింది. నా మొహం కత్తిరించేసి మిగిలింది వదినకు పంపినాను, ఆమె గీత తేడా లేకుండా దించింది. ఈ సాయంత్రం ఆమెకు చెప్తాను, నీకు రాసి ధైర్యం తెచ్చుకుంటా ఉండాను. తోరణంలో తప్పు ఒక్కటే అన్నా, అది మాత్రం పూర్తిగా నా స్వహస్తాలతో చేసింది.