ఊపిరి వినిపించే రికార్డు

జడ్చర్ల,
శనివారం.

చిరంజీవి దివాకర్‌కు అక్క దీవెనలు.

ఇంటికి ఫోన్ చేస్తే నీ భార్య నవనీత ఎత్తుతుంది. అందుకే నీ ఆఫీసుకు రాస్తున్నాను.

మూడో పార్సిల్ కూడా చేరింది. మీ ఇంటికి తెప్పిస్తే నవనీత కోప్పడుతుందని నా ఇంటికి తెప్పిస్తున్నావు, సరే. ఒకే పాత జాజ్ రికార్డును మూడు కంపెనీలు మళ్లీ విడుదల చేశాయి, ఏది ఉంచుకోవాలో చెప్పమన్నావు. దీపం పెట్టాక, నువ్వు ఇక్కడ వదిలిన ప్లేయరులో విన్నాను.

మొదటిది బాగా బరువు. బరువు చూసి కొనేది చింతపండు. వద్దు. రెండోదాంట్లో గరగర కడిగేశారు, దానితో బూర ఊదే ఆయన ఊపిరి కూడా పోయింది. ఊపిరి తీసుకోని మనిషి పాట మనకెందుకు? మూడోదాంట్లో ఊపిరి ఉంది, ఎవరిదో కుర్చీ కిర్రుమనడం కూడా ఉంది. శనివారం భజనకు వచ్చిన గోవిందమ్మ గడపలోనే నిలబడి విని, "గా బూర ఊదేటాయన బర్రె తప్పిపోయిందా అక్కా? ఊరంతా తిరుగుతుండు" అన్నది. కాసేపటికి, "దొరికిందే! ఇంటికి తోలుకొస్తుండు" అని కూర్చున్నది. ఆ మూడోదే ఉంచుకో.

ఇంకో మాట. నిన్న నవనీత ఫోన్ చేసింది. "వదినా, మీకు గా జాజ్ అంటే పాణమట గదా. మీ కోసమే కొంటున్న అన్నడు మీ తమ్ముడు" అన్నది. ఎప్పుడు వస్తావని మాట మార్చాను. రేపు కాదు, పై ఆదివారం వస్తుందట. అడిగితే అబద్ధం ఆడను, నీకు తెలుసు. ఈలోగా నువ్వే చెప్పు.

అక్క,
కరుణ


జడ్చర్ల,
సోమవారం.

తమ్ముడూ,

నువ్వు చెప్పలేదు. నవనీత వచ్చింది.

సంచిలోంచి ఒక రికార్డు తీసి నా చేతిలో పెట్టింది. అవే పాటలు, నాలుగో కంపెనీది. "మీ పుట్టినరోజుకని తెచ్చిన. మంచిదో కాదో నాకేం ఎరుక?" అన్నది. వేశాను. ఊపిరి ఉంది, కుర్చీ ఉంది. బూర వెనకాల ఎవరో మురిసిపోయి "ఊఁ" అనడం కూడా ఉంది. అది నీ మూడోదాంట్లో లేదు. నవనీత కళ్లు మూసుకుని విన్నది. అయిపోయాక మెల్లగా అడిగింది:

"నిజం చెప్పున్రి వదినా. ఇవన్నీ మీవేనా?"

దేవుడి పటం వైపు చూశాను. నీ మాట అబద్ధమైతే ఆ పాపం నీది. దాన్ని నిజం చేయడం నా చేతిలో ఉంది.

"నావే" అన్నాను.

అన్నాక అబద్ధం కాకూడదు కదా. ఇక అన్నీ నావే. మొదటి రెండూ వెనక్కి పంపించాను. ముందు ముందు ఏది కొనాలో నవనీత, నేను విని చూసుకుంటాం.

వినాలనిపిస్తే శనివారం రా. గోవిందమ్మ పక్కన జాగా ఉంటుంది. చెప్పులు బయట విడువు. నా రికార్డులు అడగకుండా ముట్టకు.

దీవెనలతో,
కరుణక్క